పలకని మిషను

ఈ వీడ్కోలు సభను నడిపిస్తున్న మా విభాగాధిపతి గారికి, పొగడ్తలకి ఇబ్బందిపడుతూ కుర్చీ అంచున కూర్చున్న మన తీగల మాస్టారికి, ముందు వరసలో ఉన్న వారి శ్రీమతి, మన అమ్మగారికి, గురువులకు, నా తోటి విద్యార్థులకు నమస్కారం.

నాకు అయిదు నిమిషాలిచ్చారు. మాటల మీద ఈ మధ్యే కొత్తగా ప్రేమ పుట్టింది కాబట్టి, వదిలేస్తే ఎటు పోతానో నాకే తెలియదు కాబట్టి, కాగితం మీద రాసుకొచ్చాను. రెండు వైపులా నిండిపోయింది. (నవ్వులు)

మాస్టారికి ఆ పేరెందుకొచ్చిందో కొత్తవాళ్ళకి చెప్పాలి. మన మిషన్ల గదిలో పద్దెనిమిది కంప్యూటర్లున్నాయి, అవన్నీ కలిసి ఒకే నిల్వపెట్టెను వాడుకుంటాయి, మీరు దేని ముందు కూర్చుని రాసినా మీ ఫైలు చేరేది ఆ పెట్టెలోకే. మనలో నలభైముగ్గురి చదువు అందులో ఉంది. మాస్టారు రోజూ పొద్దున్నే వచ్చి, కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, ప్రతి తీగనీ రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచేవారు. "చూస్తే సరిపోదా సార్" అంటే, "కంటికి నల్లతీగలన్నీ ఒకటే తల్లీ, వేలికే తేడా తెలుస్తుంది" అనేవారు. ఇంట్లో కూడా ఇంతేనా అని అమ్మగారిని అడిగాను. "ఇంట్లో బల్బు పోతే మాత్రం నెల పడుతుంది" అన్నారు. (నవ్వులు)

"ఉమ్మడి" అన్న మాట నాకు చాలా ఇష్టం. నోరు నిండుగా ఉంటుంది. కానీ ఆ గదిలో ఆ మాటంటే భయం. ఉమ్మడి పెట్టె మీద ఒకసారికి ఒక్క మిషనే పెత్తనం చెయ్యాలి, దాన్నే పెద్ద మిషను అంటాం. మిగతావి పిలిచినా అది పలకకపోతే, ఆ పెత్తనం పక్కదానికి మనం అప్పగించాలి. అయితే అప్పగించే ముందు, పలకనిదాని ప్లగ్గు మన చేత్తో పీకెయ్యాలి. అది మాస్టారి నియమం. "పలకనంత మాత్రాన పోయినట్టు కాదమ్మా. తీగ వదులై నీకు వినపడలేదేమో. అప్పుడు రెండూ తామే పెద్దలమనుకుని ఒకే పేజీ మీద రాసేస్తాయి. ఇక ఆ పేజీ ఎవరికీ పనికిరాదు." ఇది నాకు వందసార్లు చెప్పారు.

గత నెల ఒక మధ్యాహ్నం మాస్టారు భోజనానికి వెళ్ళారు. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. పెద్ద మిషను పలకలేదు. నా చెయ్యి ప్లగ్గు దాకా వెళ్ళి ఆగిపోయింది. పీకితే ఏమైపోతుందోనని భయం. పీకకుండానే పక్కదానికి పెత్తనం ఇచ్చేశాను. ఏడు నిమిషాలు అంతా బాగానే ఉందనుకున్నాను. వదులైంది తీగే. రెండూ రాస్తూనే ఉన్నాయి.



వంతెనల మీద పరిశోధన చేసే మా వంతెనల అక్కా, వెనక వరసలో ఉన్నారు మీరు. లారీ వెళ్ళినప్పుడల్లా వంతెన ఎంత అదురుతుందో పదకొండు రోజులు ఎండలో కూర్చుని మీరు కొలిచి తెచ్చిన అంకెలు, భోజనానికి వెళుతూ మీరు తెరిచే ఉంచిన ఫైలులోవి, ఆ ఏడు నిమిషాల్లో పాడైపోయాయి. నకలు తీసే రోజు ఇంకా రాలేదు. "పొరపాటు నాదేనమ్మా" అని మాస్టారు మీకు చెప్పారు. "చేతులు ఆడనప్పుడు దిగిపోవచ్చుగా మాస్టారూ" అని వరండాలో అందరి ముందూ మీరన్నారు. "వచ్చే నెల దిగిపోతున్నా గదమ్మా" అన్నారాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ చేతులు ఆయనవి కావక్కా. నావి.

మాస్టారూ, అలా చెయ్యి ఊపకండి, నేను కూర్చోను. అయిపోయిన సంగతి అంటారు మీరు. నాకు అవలేదు. ఆ గది తాళం రేపటి నుంచి నాకిస్తామన్నారు, ఈ సంగతి తెలియకుండానే అన్నారు. ఇన్నాళ్ళూ నేను తప్పు చేస్తే నా ముందుకొచ్చి నిలబడే మనిషి ఒకరున్నారు. రేపు ఉండరు. విన్నాక కూడా ఇస్తారో లేదో విభాగాధిపతి గారే చెప్పాలి.

(విభాగాధిపతి: "నన్ను కాదు, ఆవిడని అడుగు." వంతెనల అక్క లేచారు.)

"మళ్ళీ అది పలకకపోతే ఏం చేస్తావ్?"

ముందు ప్లగ్గు పీకేస్తానక్కా.

"చెయ్యి ఆగిపోతే?"

ఆగదని చెప్పలేను. కానీ పీకేదాకా పక్కదాన్ని ముట్టుకోను.

(అక్క మాస్టారి వైపు తిరిగి చేతులు జోడించారు. ఆయన తల దించుకున్నారు.)

"సరే, తాళం తీసుకో. నా అంకెలు మాత్రం ఇంట్లో ఇంకో నకలు పెట్టుకుంటా. ఏమనుకోకు."

ఏమీ అనుకోనక్కా. దయచేసి పెట్టుకోండి. మీరందరూ కూడా ఈ రోజే పెట్టుకోండి. (నవ్వులు)

నేను నవ్వించడానికి చెప్పలేదు. మాస్టారిని ఇన్నేళ్ళు మాకు వదిలిపెట్టిన అమ్మగారికి, మధ్యలో ఎవరూ లేచి వెళ్ళకుండా విన్నందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, రేపు ఎనిమిదింటికి మీరు లేని గదిలోకి వెళతాను. భయం పోలేదు. సెలవు.