చిట్టి ముందు

సెలూను షట్టరు సగం దించి ఉంది. లోపల ముగ్గురే: సెలూను పెద్దాయన, చిట్టి, మూలన గోడకు ఆనుకుని నిలబడ్డ ఆమె అన్న. అన్న జుట్టు కళ్లు దాటిపోయింది, కుర్చీ మాత్రం ఖాళీగానే ఉంది.

"తలకి క్లిప్పా! ఏదీ, ఇటు తిరుగు. పదిహేనేళ్లుగా ఈ తలకి కటింగ్ చేస్తున్నా, దీనికి క్లిప్పు నిలుస్తుందని నాకే తెలీదే!"

"నాలుగు నెలలు పెంచాను బాబాయ్. బాలేదా?"

"బాలేకపోవడమేంటి! ఇన్నాళ్లకి ఆడపిల్లలా ఉన్నావ్."

"అంటే ఇన్నాళ్లూ?"

"ఇన్నాళ్లూ... సర్లే. సోమవారమేగా ప్రయాణం?"

"సోమవారమే చేరమన్నారు."

"ల్యాబులోనేగా? నేనైతే వచ్చిన ప్రతి గడ్డానికీ చెప్పా. మా చిట్టికి ఉద్యోగమొచ్చింది, రక్తం చూసి రోగమేంటో చెప్పేస్తుందని. అమ్మ ఏమంది?"

"ఏమంటుంది, ఏడ్చింది."

"ఏడవదూ మరి! బ్యాగు సర్దావా?"

"అటక మీంచి దించా. బాబాయ్, అన్నయ్య సంగతి చూడండి ముందు. జుట్టు కళ్లలో పడుతోందని పీక్కుంటున్నాడు. నెత్తంతా పుండ్లు."

"అయ్యయ్యో. రా హీరో, రా. కుర్చీ నీదే."

"చిట్టి ముందు."

"ఈసారి చిట్టి లేదు నాన్నా. నువ్వే."

"చిట్టి ముందు. చిట్టి ముందు."

"అన్నయ్యా, ఇదిగో, ఇక్కడే ఉన్నా. చెయ్యి పట్టుకుంటా. ఎక్కు."

"చిట్టి ముందు."

"మొండివాడు రాజు కంటే బలవంతుడని ఊరికే అన్లేదు."

"మొండితనం కాదు బాబాయ్. భయం. ముందు నా తల మీద మిషన్ తిరగాలి, నేను ఏడవకూడదు. అప్పుడు గానీ అది కరవదని నమ్మకం కుదరదు."

"నాకు తెలీదా? అలవాటు చేసిందే నేను. అప్పుడు వీడికి ఎనిమిదేళ్లు. ముగ్గురు పట్టుకున్నా నా బొటనవేలు కొరికేశాడు. ఇదిగో, మచ్చ. ఇక లాభం లేదని, ఐదేళ్ల దానివి, కుర్చీ చేతుల మీద చెక్క వేసి నిన్నెత్తి కూర్చోబెట్టా. నీకు కటింగ్ అవుతుంటే రెప్ప వేయకుండా చూశాడు. నువ్వు దిగావ్, వీడెక్కాడు. మీ అమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చింది."

"నా రెండు జడలూ కింద పడ్డాయని నేనూ ఏడ్చాను. ఇంటికెళ్లాక. ఇక్కడ ఏడవొద్దంది అమ్మ."

"... బళ్లో ఏమన్నా అనేవాళ్లా?"

"ఏరా అనేవాళ్లు. కొత్త టీచరమ్మ రెండ్రోజులు బాబూ అని పిలిచింది, నేనూ పలికా. అవన్నీ ఇప్పుడెందుకు? మీరు కూర్చోండి బాబాయ్."

"నేనా?"

"నాకు బదులు. నేను మిషన్ పెడతా, అన్నయ్య చూస్తాడు."

"నా తలలో తీయడానికేముందే? అద్దమే కదా! సరే, కానీ. చూడు హీరో, నేనే ముందు. ఇదిగో, నవ్వుతున్నా చూడు."

"చిట్టి ముందు."

"చూడనైనా చూడట్లేదు. మీ అమ్మని కూర్చోబెడితే?"

"పోయిన నెల ఇంట్లో అదీ అయింది. తోసేశాడు. అమ్మ భుజం ఇంకా పైకి లేవట్లేదు."

"పోనీ నువ్వే కూర్చో. కొసలు గోరంత కత్తిరిస్తా. తక్కిందంతా నీదే."

"కూర్చున్నా. చూడన్నయ్యా, చిట్టి ముందు, చూస్తున్నావా? అయిపోయింది! ఇక నువ్వు."

"మిషన్. మిషన్. చిట్టి ముందు మిషన్."

"మాయ చేద్దామంటే దొరికిపోయాం. మిషన్ ఊరికే నీ చెవి పక్కన ఆన్ చేసి..."

"వద్దు, ఆపండి, కొట్టుకుంటున్నాడు! అన్నయ్యా, గోడకి వద్దు, తల వద్దు నాన్నా, ఇటు చూడు, నన్ను చూడు. బాబాయ్, రక్తం. దూది!"

"ఇదిగో, ఇదిగో, అదిమి పట్టు."

"చిట్టి ముందు చిట్టి ముందు చిట్టి ముందు."

"సరే. సరే అన్నయ్యా. చిట్టే ముందు. బాబాయ్, ఈ క్లిప్పు ఆ బల్ల మీద పెట్టండి."

"ఏం చేస్తున్నావ్ తల్లీ?"

"గుడ్డ కప్పండి."

"ఇంకోరోజు చూద్దాం. డాక్టరునడిగి మత్తు బిళ్ల..."

"వేశాం. మిషన్ మోతకి నిద్రలోంచి లేచి కూర్చున్నాడు. కప్పండి."

"ఎంత తీయను?"

"ఎప్పుడూ తీసేంత. తేడా వస్తే అన్నయ్యకి తెలిసిపోతుంది."

"నా చెయ్యి రావట్లేదే. సోమవారం కొత్త మనుషుల మధ్యకి ఈ తలతో ఎలా వెళ్తావ్? పైగా వచ్చే నెల వీడి ముందు ఎవరు కూర్చుంటారు?"

"నేనే. ఎక్కడికీ వెళ్లట్లేదు బాబాయ్. ఆ ఉద్యోగం వద్దని పోయిన వారమే చెప్పేశా. జుట్టయినా మిగుల్తుందేమోనని వచ్చా, అంతే. మిషన్ పెట్టండి."