మసి అంటని నిప్పుగూడు

కోతలు కోసేవాడి నోటికి గడియ ఉండదు. అది వాడి తప్పు. వినేవాడు లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళకపోతే అది వినేవాడి తప్పు. కొట్టు నడిపే జెనీవా ఈ మాట తర్వాత చాలామందితో అంది. ఆ రోజు మాత్రం ఆమె కూడా నవ్వుతూ వింది.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న ఊరు అది. క్రిస్మస్ ఇంకా వారం ఉందనగా మంచువాన పడింది. తీగల మీద మంచు గడ్డకట్టి, ఆ బరువుకు స్తంభాలు ఒరిగి, ముందురోజు సాయంత్రమే కరెంటు పోయింది. కరెంటు లేకపోతే ఇళ్ళను వెచ్చబరిచే యంత్రాలూ ఆగిపోతాయి. అటువంటప్పుడు కట్టెల పొయ్యి ఉన్నవాడే అదృష్టవంతుడు. జెనీవా కొట్టులో పెద్ద ఇనప పొయ్యి ఉంది. మధ్యాహ్నానికి దాని చుట్టూ నలుగురూ చేరారు.

ఆ ఊళ్ళో ఒక అలవాటు ఉంది. పొద్దున్నే కిటికీలోంచి చూసి, ఎవరి పొగగొట్టంలోంచి పొగ వస్తోందో గమనించుకుంటారు. పొగ లేస్తే ఆ ఇంట్లో మనిషి లేచినట్టు. లేవకపోతే ఎవరో ఒకరు వెళ్ళి తలుపు కొడతారు. జెనీవా తండ్రి బతికున్నన్నాళ్ళూ పొగలు చూడనిదే కాఫీ ముట్టుకునేవాడు కాదు. జెనీవాకూ అదే అలవాటయింది. కాని ఆ రోజు సముద్రం మీదనుంచి మబ్బు దిగి, ఎదురుగా ఉన్న కొండే కనబడలేదు. చూడలేదు. సరేలే అనుకుంది.

ఆర్విల్ స్ప్రౌల్ బూట్లకున్న మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. ఏభై దాటినవాడు, పెళ్ళి లేదు. కొండ మీద తాతలనాటి ఇంట్లో తల్లీ తనూ ఉంటారు. తల్లి ఆల్మీడాకు ఎనభై దాటాయి.

"అమ్మ ఎలా ఉంది ఆర్విల్? కరెంటు లేదు కదా," అంది జెనీవా కాఫీ అందిస్తూ.

"అమ్మకేం జెనీవక్కా? నా నిప్పుగూడు ముందు మహారాణిలా కూర్చుంది."

ఆ ఒక్క మాటే చాలింది. పొయ్యి దగ్గరున్న డెల్బర్ట్ తన పక్క కుర్చీని కాలితో ముందుకు తోశాడు. "ఆ గూడు సంగతి చెప్పరా. ఊరంతా చెప్పుకుంటున్నారు. నీ నోటితో వినే భాగ్యం మాకు కలగనీ."

ఆర్విల్ కూర్చున్నాడు. కోటు గుండీలు విప్పాడు. ఇక అతను ఇప్పుడప్పుడే లేవడని అందరికీ తెలిసింది.

"మొదట నేను చేసింది పెద్దగా ఏం లేదబ్బా, ఉన్నమాట చెప్పాలి. మా తాత హాల్లో చలిమంటకని గోడలో కట్టించిన గూడు, ఇటుకలన్నీ మసి పట్టి పెనం అడుగులా ఉండేవి, తెల్ల రంగు కొనుక్కొచ్చి నా చేత్తో పూశాను, అది ఆరాక ఇంకో పూత, అంతే. 'నిప్పుండే చోట తెలుపేమిట్రా' అంది అమ్మ. నువ్వూరుకోమ్మా, నీకేం తెలుసు అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు కిటికీలోంచి ఎండ వచ్చి ఆ తెలుపు మీద పడేసరికి, పక్కింటి కోడి రెండుసార్లు కూసింది. ఒకటి సూర్యుడికి, ఒకటి నా గూటికి!"

"మీకు పక్కిల్లే లేదు కదరా," అన్నాడు ముసలి ఏమస్. ముప్పై ఏళ్ళు పీతల వల వేసినవాడు, చెవి కొంచెం దూరం.

"ఎక్కడిదో కోడి, తాతా! అంత దూరం కనబడిందనే చెబుతున్నా."

"మరి గూటి ముందు మీ పాత ఇనప పొయ్యి ఉండాలే?" అంది జెనీవా.

"ఉండేది. దాని మొహం చూస్తూ ఫొటో ఎవడు తీస్తాడక్కా? అందం చెడగొడుతోందని పీకి పారేశాను. నాడు ఆరుగురు మోసుకొచ్చారట దాన్ని. నేను ఒంటిచేత్తో లేపి, రెండో చేత్తో కాఫీ తాగుతూ, గుమ్మం దాకా..."

"ఒరేయ్, నువ్వు ఒంటిచేత్తో లేపితే, నేనూ మా మేనల్లుడూ నడుములు విరిగేలా ట్రక్కులోకి ఎక్కించిందేమిట్రా? నీ కాఫీ కప్పా?" అన్నాడు డెల్బర్ట్. ఆ పొయ్యి ఇప్పుడు అతని కొట్టంలో ఉంది.

"మీరు మోసింది దాని కాళ్ళు. పొయ్యిని మోసింది నేను."

అందరూ నవ్వారు. జెనీవా మనసులో చిన్న ముల్లులాంటిది గుచ్చుకుంది. పొయ్యి పోయింది, కరెంటూ లేదు. మరి ముసలమ్మ? గూడు ఉందిగా, దాన్లోనే మంట వేసి ఉంటాడు, అని సర్దుకుంది. నవ్వులో ఆ ముల్లు గుర్తులేకుండా పోయింది.

ఆర్విల్ కోత ఊపందుకుంది. "ఇక తోరణం. అడవికెళ్ళి ఫర్ కొమ్మలు నరుక్కొచ్చి, గూటి మీది బల్లకు ఈ చివరనుంచి ఆ చివరకు కట్టాను. కొమ్మలు మిగిలాయి. మిగిలినవి పారెయ్యబుద్ధి కాక కడుతూ పోయాను, తోరణం హాలు చుట్టూ తిరిగింది, కిటికీలోంచి బయటికెళ్ళింది, ఇంటికి మూడు చుట్లు తిరిగి కొండ దిగడం మొదలుపెట్టింది. పోస్టాఫీసు దగ్గర ఆపాను. ఇంకొంచెం కడితే పక్క జిల్లావాళ్ళు పన్ను అడిగేవాళ్ళు! తోరణం పైన మా అమ్మమ్మ అద్దం పెట్టాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓ మగ దుప్పి, గుర్రమంత జంతువు, కిటికీ దగ్గరికొచ్చి అద్దంలో తన మొహం చూసుకుంది. ఇంకో మగదనుకుని రెండ్రోజులు కాలు దువ్వింది. మూడో రోజు సిగ్గుపడి కొమ్ములు అక్కడే రాల్చేసి వెళ్ళిపోయింది. ఆ కొమ్ములే ఇప్పుడు బల్ల మీద పెట్టాను."

"కట్టెలో?" అన్నాడు ఏమస్.

"తెల్ల బెరడు బర్చ్ దుంగలు తాతా. ఒక్కోదానికీ మెరుగు నూనె రాసి, ముత్యాల్లా పేర్చాను."

"అవి కాదురా, కాల్చే కట్టెలు."

"ఉన్నాయిలే. మధ్యలో అడ్డు రాకు. ఇక క్రిస్మస్ తాత కానుకలకు వేలాడదీసే మేజోళ్ళు! అమ్మ ఎర్ర ఉన్నితో అల్లింది. అయిదు వేలాడదీశాను."

"ఇంట్లో ఇద్దరే కదా, అయిదెందుకురా?" అన్నాడు డెల్బర్ట్.

"ఫొటోలో నిండుగా ఉండొద్దూ? శనివారం పత్రికవాళ్ళు వస్తున్నారు. మన జిల్లాలో అన్నిటికంటే అందమైన గూడు ఎవరిదో వేస్తారట. ఇంకెవరిది వేస్తారు? ఆ మేజోళ్ళ ఎరుపు ఎలాంటిదో తెలుసా? కిటికీలోంచి అది చూసి సరుకు రైలు ఆగిపోయింది. ఎర్ర దీపం అనుకున్నాడు డ్రైవరు."

"రైలు పట్టాలు ఇక్కడికి పది మైళ్ళు!"

"అందుకే రైలు దిగి నడిచొచ్చి మరీ తిట్టాడు!"

డెల్బర్ట్ తొడలు చరుచుకున్నాడు. ఆర్విల్ చెవులు పొయ్యి వేడికి ఎర్రబడ్డాయి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నిజానికి ఆ రోజు వినేవాళ్ళే అతన్ని ఎగదోశారు. మాట కాస్త జారితే ఎవరో ఒకరు "ఊఁ, తర్వాత?" అని అందించారు. జెనీవా కాఫీ కూడా మళ్ళీ పోసింది.

"కొవ్వొత్తుల సంగతి అడగరేం? గూటినిండా పెట్టాను. ఒక్కసారి, ఎలా ఉంటుందో చూద్దామని ఒకే ఒక్కసారి వెలిగించాను. సముద్రంలో పడవలన్నీ దీపస్తంభం ఇక్కడికి మారిందనుకుని మా కొండకేసి తిరిగాయి. ఏమస్ తాత పడవ కూడా వచ్చింది, ఈయనకి గుర్తులేదు. మర్నాడు దీపస్తంభం కాపలాదారు టోపీ చేతిలో పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. 'బాబూ, నా ఉద్యోగం తీసెయ్యకు, పిల్లలుగలవాణ్ణి' అని ఏడుపు!"

నవ్వులు తగ్గాక జెనీవా అడిగింది. ఎందుకడిగిందో ఆమెకే తెలియదు. "అదంతా సరే ఆర్విల్. ఇల్లు వెచ్చగా ఉందా?"

ఆర్విల్ ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడం ఆమె తర్వాత చాలాసార్లు గుర్తు చేసుకుంది.

"వెచ్చగానా!" అన్నాడు, గొంతు పెద్దది చేసి. "ఆ వేడికి పెరట్లో ఆపిల్ చెట్టు పూసింది. డిసెంబర్లో! ఎక్కడ్నుంచో తేనెటీగలు వచ్చాయి. అమ్మ పొద్దున్నే ఉన్ని కోటు విప్పేసి, పలచటి గౌను వేసుకుని, అట్టముక్కతో విసురుకుంటూ, 'ఒరేయ్ అబ్బాయ్, ఉక్కపోతకి చచ్చిపోతున్నాను, ఐస్‌క్రీం తెచ్చిపెట్టరా' అంది. అందుకే కదా కొట్టుకొచ్చాను!"

కొట్టు అదిరేలా నవ్వారు. ఏమస్‌కి పొలమారింది. జెనీవా కూడా కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వి, ఆప్రాన్ కొంగుతో తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగింది.

మబ్బు విడిపోయింది. కొండ కనబడుతోంది. కొండ కింద ప్రతి ఇంటి మీదా పొగ నిలువుగా లేస్తోంది. పైన చిట్టచివర స్ప్రౌల్ వాళ్ళ ఇల్లు. దాని పొగగొట్టం నెత్తిన తెల్లటి మంచు, పొంగిన పూరీలా గుండ్రంగా, ఎక్కడా పగులు లేకుండా కూర్చుని ఉంది.

"ఆర్విల్."

"ఆఁ, ఆ తర్వాత ఏమైందో తెలుసా అక్కా..."

"మీ పొగగొట్టం మీద మంచు ఉంది."

నవ్వు ఒక్కొక్కరి దగ్గరా ఒక్కోసారి ఆగింది. డెల్బర్ట్ లేచి కిటికీ దగ్గరికొచ్చాడు. చూశాడు.

"అది... వేడి బయటికి పోకుండా నేను ఒక ఏర్పాటు..." అన్నాడు ఆర్విల్.

"గొట్టం నోరే మూసుకుపోయింది. లోపల ఒక్క పుల్ల మండినా ఆ మంచు నిలవదు. నిన్న సాయంత్రం నుంచి మీ అమ్మ ఎక్కడ కూర్చుంది? దేని ముందు కూర్చుంది?"

ఆర్విల్ పెదవులు కదిలాయి. "మసి రాలుతుందని గొట్టంలో పాత బొంత కుక్కాను అక్కా. శనివారం దాకానే. కరెంటు ఇదిగో వస్తుంది అదిగో వస్తుంది అన్నారు కదా. కోటు వేసుకోమని చెప్పే వచ్చాను. తెల్ల రంగు... ఒక్కసారి నల్లబడితే ఇక..."

"నడు," అంది జెనీవా.

డెల్బర్ట్ ట్రక్కులో ముగ్గురూ కొండ ఎక్కారు. దారిలో డెల్బర్ట్ ఒక్కసారి "ఆ పొయ్యి నేను తీసుకెళ్ళకుండా ఉండాల్సింది" అన్నాడు.

ఇంట్లో మాట్లాడితే నోటి ఆవిరి కనబడుతోంది. గూడు మాత్రం నిజంగా అందంగా ఉంది. కోతలన్నిట్లో అదొక్కటే నిజం. పాలలాంటి తెలుపు, పచ్చటి తోరణం, మెరుస్తున్న దుంగలు, కొసలు కాలని కొవ్వొత్తులు. దాని ముందు కుర్చీలో ఆల్మీడా కోటు వేసుకుని, తల ఒక పక్కకు వాల్చి ఉంది. చేతులకు రెండు ఎర్ర మేజోళ్ళు మోచేతుల దాకా తొడుక్కుంది. కాళ్ళకు రెండు. గూటి మీది బల్లకు ఒక్కటే మిగిలింది. అగ్గిపెట్టె ఆమె ఒళ్ళోనే ఉంది.

"అమ్మా," అన్నాడు ఆర్విల్.

ముసలామె కళ్ళు కొద్దిగా తెరిచింది. నాలుక మొద్దుబారి మాట ముద్దగా వచ్చింది. "కోప్పడకురా అబ్బాయ్. దేన్నీ అంటించలేదు. ఇవొక్కటే తీసుకున్నాను. శనివారానికి మళ్ళీ తగిలించేస్తాను."

మాటలు కోటలు దాటించే ఆర్విల్ మోకాళ్ళ మీద కూలబడి ఆమె చేతులు రుద్దసాగాడు. డెల్బర్ట్ నిచ్చెన వేసి కప్పెక్కి, గొడ్డలితో మంచు పగలగొట్టాడు. జెనీవా గూట్లో తల దూర్చి బొంత లాగింది. దానితోపాటే ఏళ్ళనాటి మసి తెల్లటి ఇటుకల మీద, తోరణం మీద, ఆమె మొహం మీద రాలింది. మెరుగు నూనె రాసిన దుంగలు ఒక్క అగ్గిపుల్లకే భగ్గుమన్నాయి. ఇటుకలు చూస్తుండగా నల్లబడ్డాయి.

"ఇంక చాలు ఆర్విల్," అంది జెనీవా కొంతసేపటికి. అతను రుద్దడం మానలేదు. ఆమే వంగి ముసలామె కళ్ళు మూసింది.

కొండ కింది వాళ్ళు ఆ సమయానికే కిటికీల్లోంచి పైకి చూశారట. మంచువాన పడ్డాక మొదటిసారి స్ప్రౌల్ వాళ్ళ పొగగొట్టంలోంచి పొగ నిలువుగా లేస్తోంది. హమ్మయ్య, ఆల్మీడా బాగానే ఉంది అనుకుని, ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు.