పంచర్ దుకాణపోడు కొన్న బ్యాట్

సభకు అధ్యక్షత వహిస్తున్న మా పశువుల డాక్టర్ భాస్కర్ సార్ గారికి, పిలవంగనే పంచాయతీ పనులు పక్కకువెట్టి వచ్చిన సర్పంచ్ లక్ష్మీకాంతమ్మ గారికి, ముందు వరుసల కూసున్న పెద్దమనుషులకు, ఎనక వరుసల కూసొని బిర్యానీ గిన్నెల దిక్కే జూస్తున్న దోస్తులకు, ఇయ్యాల రిటైరై కుర్చీల బుద్ధిగ కూసున్న మన్నాన్ సాబ్‌కు, ఆయన పక్కన ఆయనకంటే బుద్ధిగ కూసున్న సాలేహా భాబీకి, అందరికీ ఈ సిద్దిరాములు నమస్కారం, సలాం.

నన్ను ఎరగనోళ్లు ఇద్దరు ముగ్గురున్నట్టున్నరు. మేడ్చల్ రోడ్డు మీద పంచర్ దుకాణం నాది. ఆరో తరగతిల నేను బడి ఇడిసిపెట్టిన్నో, బడే నన్ను ఇడిసిపెట్టిందో ఇప్పటికీ తేలలే. భాస్కర్ సార్ మైకు ఇచ్చుకుంట నా చెవుల జెప్పిండు, "రాములూ, జల్దీ ముగించు, పిచ్చి ముచ్చట్లు పెట్టకు" అని. సార్, జల్దీ ముగించుడు నా చేతిల ఉంది. రెండోది నా చేతిల లేదు. (నవ్వులు)

మన్నాన్ సాబ్ కంపౌండర్ పని గురించి నాకంటే ముందు మాట్లాడినోళ్లు మస్తు జెప్పిన్రు. దూలపల్లి నుంచి శామీర్‌పేట దాకా ఆయన చెయ్యి తగలని బర్రె లేదన్నరు, నిజమే. సూది ఇచ్చే ముందు ఆయన జేసేది ఒక్కటే. బర్రె వీపు మీద చెయ్యి పెట్టి ఊకె నిలబడతడు. ఏం మాట్లాడడు. తన్నేటి బర్రె గూడ గట్లనే సల్లబడతది. మా ఇంటామె రుక్కమ్మ, గదిగో ఆడోళ్ల వరుసల నవ్వుతాంది జూడుండ్రి, ఆమె ఎన్నోసార్లు అన్నది, "గా సాబ్‌ను ఒకపారి మనింటికి తీస్కరా, నీ నెత్తిమీద గూడ చెయ్యి పెట్టిపిస్త" అని. (నవ్వులు)

నేను జెప్పేది బర్రెల ముచ్చట గాదు. టేబుల్ టెన్నిస్ ముచ్చట.

రెండువేల తొమ్మిదిల దూలపల్లిల ఒక కంపెనోళ్లు కొత్త టేబుల్ కొనుక్కొని పాతది మా పంచాయతీకిచ్చిన్రు. అదేందో మాకెవ్వరికీ తెల్వది. అమ్మా, సర్పంచ్ గారూ, అప్పుడు మీరు ఇంక సర్పంచ్ గాలేదు, మీ తప్పేం లేదు గని, గా టేబుల్ మీద మా ఊరోళ్లు పెండ్లిళ్లకు ఉల్లిగడ్డలు గోసిన్రు. ఒకదినం మన్నాన్ సాబ్ ఈ పంచాయతీ హాల్లకొచ్చి, ఉల్లిగడ్డ పొట్టు అంత చేత్తోని పక్కకు నూకి, గా ఆకుపచ్చ చెక్కను బర్రె వీపు తడిమినట్టు తడిమిండు. ఆయన ట్రైనింగ్ దినాల హాస్టల్ల ఆడేటోడంట. "రాములూ, ఆడుదామా" అన్నడు. ఏం ఆటనో తెల్వకుండనే హౌ, ఆడుదాం అన్న. నా జిందగీల నేను ఆలోచించకుండ జేసిన పనులల్ల మంచిది గదొక్కటే. రుక్కమ్మా, లగ్గం గూడ కలుపుకుంటే రెండు. (నవ్వులు)

ఇగ బ్యాట్ కొనాలె. "నేను గూడ వస్త ఉండు" అన్నడు సాబ్. నేను వద్దన్న. నేనేమన్న చిన్నపిల్లగాన్నా? రబ్బరు గురించి నాకొకడు జెప్పేదేంది, పొద్దుగాల లేస్తే రబ్బరుతోనే నా బతుకు. సికింద్రాబాద్‌ల ఆటసామాన్ల దుకాణంకు పోయిన. దుకాణపాయన నున్నగ అద్దమసొంటి రబ్బరు ఉన్న బ్యాట్ తీసి జూపిచ్చిండు. నేను నవ్విన. "అన్నా, నన్ను జూస్తే ఎట్ల కనిపిస్తున్న? గుండు టైరు అమ్ముతున్నవా? గీతలు, బుడిపెలు ఉన్నది తియ్యి, పట్టు ఉండాలె" అన్న. ఆయన ఇంకో మాట మాట్లాడకుండ బుడిపెలు బయటికున్న రబ్బరు ఇచ్చిండు. మల్ల చెక్క ముచ్చట వచ్చింది. చెక్కల గూడ పొరలుంటయి, అయిదు ప్లై, ఏడు ప్లై అన్నడు. ప్లై అంటే మనకెరుకే గద, లారీ టైర్లకు రాసి ఉంటది, ఎంత ఎక్కువ ప్లై అంటే గంత బరువు మోస్తది. "పదహారు ప్లై ఉన్నదా?" అని అడిగిన. గా దుకాణపాయన నా దిక్కు జూసి, "అన్నా, దీంతోని మీరు ఏం మోస్తరు?" అన్నడు. (పెద్దగా నవ్వులు)

ఏడు ప్లైది తెచ్చిన. రోకలిబండంత బరువుంది. సాబ్ నున్నటి రబ్బరుతోని బాల్‌ను ఊకె అట్ల తాకిస్తే అది టేబుల్ మీద పడి పాములెక్క పక్కకు తిరిగిపోతాంది. నా బుడిపెల రబ్బరుతోని కొడితే చచ్చిన ఎలుక లెక్క సక్కగ పోయి నెట్టుల పడతాంది. అప్పుడు జెప్పిండు, టైరుకు గీతలుంటే రోడ్డును పడతది గని, ఇక్కడ నున్నగుంటెనే బాల్‌ను పడతదని. నాకు రెండు దినాలు అన్నం సయించలే. నేను నమ్మిన ఇల్మ్, గా రబ్బరు తెలివి మొత్తం ఉల్టా అయిపాయె.

సరే, నున్నటి రబ్బరు తెచ్చిన. దాన్ని చెక్కకు అతికియ్యాలె. ఇది జెప్పొద్దని సాబ్ కండ్లతోని సైగ జేస్తున్నడు. సాబ్, ఈ హాల్ల దీన్ని ఎరగనోడు ఎవడున్నడు? నేను పంచర్ సొల్యూషన్ రాసిన. నాది మాత్రమే గాదు, ఆయన బ్యాట్‌కు గూడ రాసిచ్చిన, దోస్తుగదా అని. ఏమన్న అతికిందా అది! కొడితే బాల్ తుపాకి గుండు లెక్క పోతాంది. గా ఖుషీల కొంపల్లిల విల్లాలోళ్ల క్లబ్బుల డబుల్స్ పోటీ ఉన్నదని తెలిసి, ఇద్దరం పేర్లిచ్చి సాబ్ స్కూటర్ మీద పోయినం.

అక్కడ ఏసీ హాలు, చెక్క నేల. తెల్ల బట్టలేసుకున్న అంపైర్ ఒకాయన ఉన్నడు, మస్తు మర్యాదస్తుడు. బ్యాట్లు సూపియ్యుమన్నడు. సాబ్ బ్యాట్ తీసుకున్నడు, ముక్కు కాడ పెట్టుకున్నడు, ఎనకకు జరిగిండు. "సార్, ఇదేం వాసన?" అన్నడు. నేను గర్వంగ, "పంచర్ సొల్యూషన్ సార్, మా సొంత దుకాణందే" అన్న. (నవ్వులు, చప్పట్లు) గసొంటి గమ్ము లోకమంత బంద్ జేసి రెండేండ్లాయెనంట. గా వాసన పానానికి మంచిది గాదని, పై నుంచి దాంతోని బాల్‌కు దౌడు ఎక్కువ వస్తదని బంద్ జేసిన్రంట. అంటే నేను తెల్వకుండనే దునియాల పెద్ద పెద్ద ఆటగాళ్లు జేసిన దొంగతనం జేసిన. క్లబ్బోళ్లు అరువు బ్యాట్లిచ్చిన్రు. ఓడిపోయినం. ఎట్ల ఓడిపోయినమో అడగకుండ్రి, అప్పుడు నా కాళ్లకున్న బూట్ల ముచ్చట ఇంక జెప్పలే.

బూట్లు. కొంపల్లి మాల్ల ఉరికేటోళ్ల బూట్లు కొన్న, మడిమెల కాడ ఇంత మందం. అవి ఏసుకుంటే గ్యాస్ సిలిండర్ ఎక్కి నిలబడ్డట్టుంటది. పక్కకు జరిగితే పాదం మడతపడుతాంది. సాబ్ ఏం జెప్పిండంటే, ఈ ఆటకు అడుగు పల్చగ, సాపుగ ఉండాలె, నేల మన పాదానికి తెలవాలె అని. నేనేం జేసిన? ఉన్న బూట్ల మడిమెలు కోసి, కింద సైకిల్ ట్యూబ్ అతికిచ్చిన. దేంతోని అతికిచ్చిన్నో మీకెరుకే. క్లబ్బుల మొదటి బాల్‌కు పక్కకు దుంకిన. బూట్లు దుంకలే. అవి నేలను పట్టుకొని అక్కడనే ఉన్నయి, నేనొక్కన్నే పోయిన. పోయి టేబుల్ మీద పడ్డ. (నవ్వులు) గా అంపైర్ సాబ్ ఉరికొచ్చి నన్ను లేపిండు. లేపి, వాసన జూసిండు.

ఎనకకు వచ్చేటప్పుడు సాబ్ స్కూటర్ జోరుగ నడిపిండు. నేను భయపడ్డ. ఈడ చాయ్ బండి కాడ స్కూటర్ ఆపిండు. చాయ్ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, నవ్వుడు షురూ జేసిండు. కండ్లల్ల నీళ్లొచ్చినయి, చాయ్ సల్లారింది, నవ్వుతనే ఉన్నడు. "అరే రాములూ, నీ దుకాణానికి బర్రె వస్తే దానికి గూడ గాలి కొడతవురా నువ్వు" అన్నడు. గా దినం అనుకున్న, ఈ మనిషితోని జిందగీ మొత్తం ఓడిపోయినా నష్టం లేదని.

తర్వాత ఆయననే నన్ను దుకాణంకు తీస్కపోయిండు. ఆయన బ్యాట్ జూసే తీరు జెప్త, యాదివెట్టుకోండ్రి. బుక్కుల రాసింది సదవడు, రేటు జూడడు. పిడి పట్టుకొని కండ్లు మూసుకుంటడు. "చెయ్యి ఎక్కడ అయిపోయింది, బ్యాట్ ఎక్కడ మొదలైంది అనేది తెల్వొద్దు రాములూ, తెలిస్తే అది నీ బ్యాట్ గాదు" అంటడు. మల్ల బాల్‌తోని చెక్కను సన్నగ తట్టి చెవి కాడ పెట్టుకుంటడు. ఆఖరికి, నా పుణ్యాన కొత్తగ మొదలైన అలవాటు ఒకటుంది, ముక్కు కాడ పెట్టుకొని వాసన జూస్తడు.

పోయిన వానకాలం ఒక పొద్దుగాల, ఇగో ఈ కిటికీ కాడనే, సాబ్ సర్వీస్ జెయ్యబోయిండు. బాల్ ఎగిరేసిండు. బ్యాట్ కింద పడ్డది. వంగి తీసుకుందామని జూసిండు, వేళ్లు మూతపడలే. మీకెరుకే గద నా సంగతి, పీనుగు లేస్తున్న ఇంటికాడ గూడ నాకొక జోకు తడతది. గా పొద్దు ఒక్కటి గూడ తట్టలే. ఆటోల ఏసుకొని దవాఖానకు తీస్కపోయేదాక ఆయన కుడిచెయ్యి నా చేతులల్ల పట్టుకున్న. బర్రెల వీపు మీద పెట్టే చెయ్యి అది. సల్లగుండె.

పక్షవాతమన్నరు. అల్లా దయవల్ల నడక మంచిగైంది, మాట మంచిగైంది. చెయ్యి మాత్రం సగమే వచ్చింది. ఎడమ చేత్తోని సంతకం నేర్చుకొని, కూసొని జేసే పని జేసుకుంట ఇయ్యాల్టి దాక నౌకరి నడిపిండు. గని ఒకదినం నా దుకాణంకొచ్చి తన బ్యాట్ టైర్ల మీద పెట్టి, "రబ్బరు ఇంక మంచిగనే ఉంది, నీకు పనికొస్తది" అని ఎల్లిపోయిండు. నేను దాన్ని వాడలే, మేకుకు తగిలేసిన. ఆయన రోజూ హాలుకైతే వస్తడు. గా మూల కుర్చీల కూసొని మాకు పాయింట్లు లెక్కవెడతడు. చేతులు ఒళ్లె పెట్టుకొని.

రిటైర్మెంట్‌కు ఏమియ్యాలెనని భాస్కర్ సార్ మమ్ములను కూసోవెట్టి అడిగిండు. ఒకలు గోడ గడియారమన్నరు, ఒకలు ఇత్తడి పలక అన్నరు. నేను బ్యాట్ అన్న. అందరు నా దిక్కు గుర్రుగ జూసిన్రు. "చెయ్యి రానోనికి బ్యాట్ ఇస్తవారా, నీ మస్కరీకి హద్దు లేదా" అన్నరు. వాళ్లు తిట్టిందాంట్ల తప్పు లేదు. నన్ను జూస్తే ఎవలకైనా గట్లనే అనిపిస్తది. నాకు గూడ భయమైంది. ఒకవేళ సాబ్ గూడ గట్లనే అనుకుంటే? ఇంతమంది నడుమ ఆయన మనసు కష్టపడితే, నేను పంచర్ ఏసి అతికిచ్చేది గాదు అది.

అందుకని సాలేహా భాబీని అడిగిన. భాబీ బియ్యం ఏరుకుంట ఏమన్నదంటే, "భయ్యా, రోజు పొద్దుగాల రొట్టె తిరగేసే అట్లకాడ కనబడ్తలేదు. మొన్న లోపలికి పోయి జూస్తే, ఈయన అట్లకాడ ఎడమచేతిల పట్టుకొని అద్దం ముందట నిలబడి సర్వీస్ జేస్తున్నడు. నన్ను జూసి, ఈగలు కొడుతున్న అన్నడు" అని. (నవ్వులు) సాబ్, ఇంటికి పోయినంక భాబీని ఏమనకు. తప్పు ఈగలది.

గంతే, నాకు తొవ్వ దొరికింది. దుకాణంకు పోయిన. ఈసారి సాబ్ నేర్పిన తీరుగ, ఎడమ చేత్తోని పట్టుకొని కండ్లు మూసుకున్న. తేలికైన చెక్క, అయిదు ప్లై, పదహారు గాదు. సన్నటి పిడి. నున్నటి రబ్బరు, కింద స్పాంజి పల్చటిది, కొత్త చేతికి దౌడు తక్కువుండాలె గద. బూట్లు గూడ తెచ్చిన, సాపు అడుగుది. లేసులు ఒంటిచేత్తోని కట్టుకునుడు కష్టమని, లేసులు తీసేసి సైకిల్ ట్యూబ్ సన్నగ గోసి ఎక్కిచ్చిన. కాలు దూరిస్తే సాలు, అదే పట్టుకుంటది. ఈ ఆటల నా ఇల్మ్ పనికొచ్చింది మొదటిసారి గిదే, రాసుకోండ్రి.

ఇంకొక్క ముచ్చట. కొన్ని దినాల సంది నేను ఎడమ చేత్తోని ఆడుతున్న. చూసినోళ్లు పొద్దుగాలనే తాగిండనుకున్నరు. కుడిచేత్తోని నిన్ను ఒక్కపారి గూడ ఓడగొట్టలేదు సాబ్, ఎడమ చేత్తోని గూడ ఓడగొట్టనని నీకు హామీ ఇస్తున్న. (నవ్వులు)

ఇగ లెవ్వు సాబ్. చెయ్యి సాపు. గా చెయ్యి గాదు, ఇంకోటి.

(మన్నాన్ సాబ్ కుర్చీలోంచి లేచారు. తర్వాత ఎడమచెయ్యి చాచారు.)

తీసుకున్నడు. మీరు సప్పుడు జేయకుండ్రి, కండ్లు మూసుకున్నడు. ఏంది సాబ్, ముక్కు కాడికి తీస్కపోతున్నవ్? జూడుండ్రి, వాసన జూస్తున్నడు. ఇంతమంది నడుమ నా ఇజ్జత్ తీస్తున్నడు. (నవ్వులు, ఆగని చప్పట్లు) నీళ్ల గమ్మే సాబ్, బంద్ జెయ్యనిదే, దుకాణపాయననే అతికిచ్చిండు, నేను చెయ్యి గూడ పెట్టలే, నీ కసం.

భాస్కర్ సార్, గోడకు తగిలేసుకునేటోడు వాసన జూడడు. ఆడేటోడే జూస్తడు. నాకు గదే కావాల్సుండె.

రేపు పొద్దుగాల హాలు తలుపు తీసి, నెట్టు కట్టి ఉంచుత. ఇంతసేపు ఓపిక పట్టినందుకు మీకందరికీ షుక్రియా, దండాలు. గిన్నెల మూతలు తీస్తున్న సప్పుడు ఇనబడుతాంది, ఇగ మైకు పట్టుకుంటే తంతరు. సెలవు.