మల్లిక మేడం ఆపించిన చాయ్

2014 ఆగస్టు పద్దెనిమిదిన, కొత్త రాష్ట్రానికి మూడు నెలలైనా నిండని రోజుల్లో, శ్రీమతి మల్లిక గారు ఆత్మకూర్ నుండి బదిలీపై వచ్చి, జడ్చర్ల సమీపంలోని మన దవాఖానలో ఆహార నిపుణురాలిగా బాధ్యతలు స్వీకరించారు. నేను ఏడో తరగతితో చదువు మానేసిన క్యాంటీన్ వంటవాడిని. ఔట్‌సోర్సింగ్ వాళ్లకు శాలువా కప్పే ఆనవాయితీ ఇంకా పుట్టలేదు గనుక, కప్పించుకునే వారి గురించి రాసే గౌరవమైనా దక్కినందుకు ఈ వీడ్కోలు సంచిక సంపాదకులకు కృతజ్ఞతలు.

మునగాకులో, ఉల్లిగడ్డలో, పండ్లలో ఉండే ఫ్లేవనాయిడ్లనే పదార్థాలు రక్తనాళాలకు మేలు చేస్తాయని, అయితే తిన్నదంతా ఒంటబట్టదని, కొంత చిన్నపేగులో ఇంకితే మిగిలినదాన్ని పెద్దపేగులోని సూక్ష్మజీవులు విడగొట్టాలని, అందుకే ఒకనాడు గంపెడు తినేకంటే నిత్యం పిడికెడు తినడం మంచిదని ఆమె ఓపికగా బోధించేవారు. అవే దండిగా ఉండే బత్తాయి లోపలి తెల్లపొరను ఒలిచి పారేసేవాళ్లను చూస్తే మాత్రం ఆ ఓపిక ఉండేది కాదు.

2017లో ప్రవళిక అనే గర్భిణికి ఏడో నెల వచ్చినా, ఇనుము గోలీలు తప్పక మింగుతున్నా, రక్తం పెరగలేదు. ఇట్లాగే ఉంటే కాన్పుకు పట్నం పంపక తప్పదని డాక్టరు గారు అనగా, అత్త నర్సింగమ్మ క్యాంటీన్ బెంచీపై కూలబడింది. పక్కనే కోడలు నా చాయ్‌తో గోలి మింగడం మేడం గారి కంటబడింది.

“పరశురాములన్నా, ఆమెకు చాయ్ బంద్ చెయ్.”

“చాయ్‌ల గూడ గా ఫ్లేవనాయిడ్లే ఉన్నయి, గుండెకు మంచియని మీరే అంటిరి గద మేడం!”

“మంచియే. గని గోలితోని కలిస్తే అవి ఇనుమును గట్టిగ పట్టుకుంటయి, పేగు దాటనియ్యవు. రెండు గంటలాగి తాగమను.”

“చాయ్ లేకుంటే గా గోలి దిగుతదా బిడ్డా? తుప్పు నాకినట్టుంటది,” అన్నది నర్సింగమ్మ.

“నిమ్మకాయ నీళ్లతోని దిగుతది అవ్వా. నిమ్మ ఇనుముకు తోవ జూపుతది.”

“నా చాయ్ తాగి సచ్చినోడు లేడు,” అని గొణిగాను.

“సరే, జర బతికించెటోనివి గూడ కా అన్నా,” అని ఆమె నిమ్మకాయ నా చేతిలో పెట్టారు.

గర్భిణుల పరీక్షల రోజున, గోలీలు వేసుకున్న రెండు గంటల దాకా చాయ్ గిన్నె పొయ్యెక్కరాదన్నారు. కోపంతోనే ఒప్పుకున్నాను, గిరాకీ పోయింది, తిట్లు మిగిలాయి. నెలన్నరకు ప్రవళిక రక్తం పెరిగింది. పట్నం పోయే పని లేకుండా ఇక్కడే సుఖప్రసవమై ఆడబిడ్డ పుట్టింది. “చాయ్ ఆపుడొక్కటే గాదు, డాక్టరు సారు మార్చిన మందు గూడ పని చేసింది,” అని మేడం గారు ఘనతను పంచివేశారు. ఘనతను లాక్కునేవాళ్లను ఈ వంటింటి కిటికీ నుంచి చాలామందిని చూశాను. పంచినవారిని ఈమెనే చూశాను.

కరోనా కాలంలో కషాయాలు కాచి పోస్తూనే, ఏ ఆకూ టీకాకు బదులు కాదని ఆమె ఊరూరా తిరిగి చెప్పారు.

ఈ డిసెంబరు ముప్పయ్యొకటిన వారు పదవీ విరమణ చేస్తున్నారు. ఆ కుర్చీకి ఇంకా ఎవరినీ వేయలేదు, ఎప్పుడు వేస్తారో అడగడం దండగ. అయినా గర్భిణుల రోజున చాయ్ ఆలస్యంగానే కాగుతుంది. ఇప్పుడు ఆ మాట అత్తలే కోడళ్లకు చెబుతున్నారు.

ఇన్నేళ్లూ అందరి తిండీ చూసి, తన టిఫిన్ డబ్బా సాయంత్రానికి గాని విప్పని మల్లిక గారు, ఇకనైనా భర్త యోహాను సారు సరసన కూర్చుని, అన్నం చల్లారకముందే భోంచేస్తూ, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను.

– పరశురాములు, క్యాంటీన్