ఎడమచేతి గట్టిమేళం

గుడియాత్తం బస్టాండు పక్కన సరసమ్మ టీ అంగడి. బెంచీ మీద కీబోర్డు యోగానంద్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా పరదరామి ఊరి దేవరాజులు. కూతురు హేమప్రియ పెండ్లికి మేళం మాట్లాడడానికి వచ్చాడు. అడ్వాన్సు తాంబూలం ఉన్న సంచి ఇంకా ఆయన ఒళ్లోనే ఉంది. అది చేతికి వచ్చేదాకా యోగానంద్ నోరు ఆగేలా లేదు.

"మేళమోళ్లు ఎందుకప్పా మీకు? నా స్టేజి పియానో ఒకటి చాలు. మధ్యలో ఒక మెట్టు చూపిస్తే పెట్టె రెండుగా చీలిపోతాది. ఎడమ పక్క డోలు, కుడి పక్క నాదస్వరం. అది స్ప్లిట్టు. నాదస్వరం మీద వయొలిన్ ఎక్కిస్తే, ఒక్క మెట్టు నొక్కినా రెండూ కలిసి పలకతాయి, దోసె మీద కారం పూసినట్టు. అది లేయరు. లత్తేరి పెండ్లిలో చూసుండాల మీరు! నాదస్వరమాయనకు బస్సు తప్పిపోయింది. పెండ్లోళ్లు వచ్చి నా కాళ్ల మీద పడినారు. సెరి, లేయండి అన్నాను."

"అప్పురం? ఆ తర్వాత?" అన్నాడు దేవరాజులు.

"అప్పురం ఏముండాది, లేయరు మీద లేయరు. నాదస్వరం మీద వయొలిన్, దాని మీద వేణువు, దాని మీద వీణ. బరువు తట్టుకోలేక స్టాండు వంగిపోయిందప్పా!"

"సౌండుకు బరువు యాడుంటాది నాయనా?" అన్నాడు పక్కన టీ తాగుతున్న ఆటో తంగరాజ్.

"వేరేవాళ్లు వాయిస్తే ఉండదు. ఎడమ పక్కను మళ్లీ చీల్చినాను. ఒక ముక్క డోలు, ఒక ముక్క తాళం, ఇంకో ముక్కలో 'సాంబారు, సాంబారు' అని అరిచే గొంతు! వడ్డించేవాళ్లు బకెట్లు ఎత్తుకుని పరిగెత్తినారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాట్పాడి రైలు లత్తేరి టేషన్లో నిలిచిపోయింది. డ్రైవరు దిగొచ్చి మొదటి బంతిలో కూర్చున్నాడు. ఇదంతా కుడి చేత్తోనే! ఎడమ చేతిలో కాఫీ లోటా. డోలుకు మోచెయ్యి చాలు నాకు. గట్టిమేళం ఏసినాను చూడు, మండపమంతా ఒక్కసారిగా అక్షతలు ఇసిరింది. అయ్యోరు మెడదాకా మునిగిపోతే పారతో తవ్వి తీసినాము!"

దేవరాజులు నవ్వుతూ సంచిలో చెయ్యి పెట్టాడు.

"అయ్యోరి మీద పడింది నిజమే," అంది సరసమ్మ, టీ వడగడుతూ. "ఆ పెండ్లికొడుకు జయకుమార్ మా అక్క కొడుకే. గట్టిమేళం మోగేటప్పటికి వాడింకా గదిలో పంచె కట్టుకుంటా ఉన్నాడు. నువ్వు కాఫీ ఒలకపోసుకుని, తుడవబోయి ఎడమ పక్క మోచెయ్యి ఆనించినావు. జనం తల కూడా ఎత్తకుండా, చేతిలో ఉన్న అక్షతలన్నీ ఇసిరేసినారు. నిజంగా తాళి కట్టేటప్పుడు ఒకరి చేతిలోనూ గింజ లేదు. వంటింట్లో పసుపుగా ఉండేది పులిహోర ఒకటే. అదే తెచ్చి తలా పిడికెడు పంచినాను. పెండ్లికూతురు తలలో కరివేపాకు సాయంత్రం దాకా ఏరుతానే ఉన్నాము."

తంగరాజ్‌కు నవ్వి నవ్వి పొలమారింది. దేవరాజులు చెయ్యి సంచిలోనే ఆగిపోయింది. యోగానంద్ ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు. సిగ్గుతో అతని చెవులు ఎర్రబడ్డాయి.

కాసేపటికి దేవరాజులు తాంబూలం బయటికి తీసి అతని చేతిలో పెట్టాడు.

"అంతమంది నిజం మేళమని నమ్మినారంటే నీ పెట్టె మంచిదేనప్పా. రా. కాఫీ మాత్రం తాళి కట్టినాకనే ఇస్తాము."