ఇరవై తొమ్మిది సెకన్ల పాట, ఒక మెమో

సభకు అధ్యక్షత వహిస్తున్న మన ప్లాంట్ హెడ్ హరినాథ్ గారికి, యూనియన్ తరఫున వేదికపై ఉన్న మల్లయ్య గారికి, ముప్పై ఒక్క ఏళ్లు మనందరినీ కెమెరాలోంచి చూసి, ఇవాళ పదవీ విరమణ రోజున మన కళ్లన్నీ తన మీదే ఉండేసరికి ఎటు చూడాలో తెలియక శాలువా అంచు సర్దుకుంటున్న సంగప్ప గారికి, ఆయన శ్రీమతి అరుణమ్మ గారికి, పటేల్‌గూడ బస్సు నాలుగున్నరకే కదులుతుందని గడియారం చూస్తున్న జనరల్ షిఫ్ట్ మిత్రులకు నమస్కారం. బస్సును ఆపమని చెప్పాను, కంగారు పడకండి. (నవ్వులు)

ట్రైనింగ్ విభాగం తరఫున నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. మూడు రోజులుగా రాస్తున్నాను, కొట్టేస్తున్నాను. మంచి మాటలు దొరకక కాదు; ఏది రాసినా దాని వెనక నేను రాయని మాట ఒకటి కనబడుతోంది. అక్కడిదాకా వెళ్లగలనో లేదో చూద్దాం.

సంగప్ప గారు చేరింది ప్యాకింగ్‌లో. ఆదివారాలు పెళ్లిళ్ల వీడియోలు తీసేవారు కాబట్టి కంపెనీ వాళ్లు వెంటనే చేతికి కెమెరా ఇచ్చారు. అందుకే మన వీడియోల్లో రియాక్టర్‌ను కూడా పెళ్లికూతురిలాగే పాదాల దగ్గర మొదలుపెట్టి, మెల్లగా పైకి చూపించి, చివర పూలజల్లులో మాయం చేస్తారు. (నవ్వులు) మన పాత బాయిలర్ ఇన్‌చార్జి, పెళ్లి వీడియోల్లోలాగే తెర మీది గుండె బొమ్మలోంచి నడిచి రావడం మల్లయ్య గారు ఇంకా మరిచిపోలేదు, నవ్వుతున్నారు చూడండి.

ఇక రెండేళ్ల కిందటి భద్రతా వారోత్సవాల వీడియో. గ్యాస్ లీకయితే ఎటు వెళ్లాలి, ఎక్కడ నిలబడాలి అని చెప్పే ఆరు నిమిషాల వీడియో. దాన్ని కంపెనీ యూట్యూబ్ చానెల్‌లో పెట్టాలి, విదేశీ ఆడిటర్లు వచ్చిన రోజు అందులోంచే చూపించాలి. సంగప్ప గారు నా గదికి వచ్చి, ఆ ఏడాది ప్రతి పెళ్లి బరాత్‌లోనూ మోగిన సినిమా పాటను వెనక పెడితే మనవాళ్లు నిద్రపోకుండా చూస్తారని, అయితే పాట మనది కాదు కదా, ఎవరినైనా అడగాలా అని అడిగారు. తెలియదు అనడానికి ఎం.ఏ. చదివిన నాకు నామోషీ అనిపించి, ఎక్కడో విన్నది చెప్పేశాను. "ముప్పై సెకన్ల లోపయితే ఏం పర్వాలేదండీ." అలాంటి నియమం ఎక్కడా లేదని తర్వాత తెలిసింది. ఆ క్షణంలో మాత్రం నా గొంతు చట్టమంతా చదివినట్టే పలికింది.

ఆయన నా మాట జవదాటలేదు. ఆ పాట ఇరవై తొమ్మిది సెకన్లు వేసి, రెండు సెకన్లు ఆపి, మళ్లీ ఇరవై తొమ్మిది సెకన్లు వేశారు. అలా పదకొండు సార్లు. ఇదేమిటండీ అంటే, "ఒక్క ముక్క గూడ ముప్పై దాటనియ్యలే మేడమ్. వాచ్ పెట్టుకొని కోసిన" అన్నారు. (నవ్వులు) కానీ పని చేసింది. తర్వాత పటేల్‌గూడలో ఒక బరాత్‌లో అదే పాట మోగితే, మన బి-షిఫ్ట్ వాళ్లు నలుగురు గాలి ఎటు వీస్తోందో చూసుకుని, ఖాళీ స్థలంలోకి వెళ్లి వరసగా నిలబడ్డారట. (పెద్దగా నవ్వులు) ఎవరో చెప్పను. మూడో వరసలో తల దించుకున్నారు.

ఆడిటర్లు వచ్చిన ఉదయమే పాట హక్కులున్న కంపెనీ యూట్యూబ్‌కు ఫిర్యాదు చేసింది. ఆడిటర్ల ముందు వీడియో పెట్టగానే నల్లటి తెర, దాని మీద మన తప్పు చెప్పే ఒక వాక్యం. మధ్యాహ్నం విచారణలో, హరినాథ్ గారూ, మీరే అడిగారు, పాట పెట్టమని ఎవరు చెప్పారని. నేను నోరు తెరిచాను. ఈలోగా సంగప్ప గారు, "నాకు తెల్వక పెట్టిన సార్. మేడమ్‌ను అడగలే" అన్నారు. తెరిచిన నోరు మూసుకున్నాను.

మెమో ఆయనకు ఇచ్చారు. మొత్తం సర్వీసులో ఆయన ఫైలులో ఉన్నది ఆ ఒక్కటే. ఎందుకలా చెప్పారని తర్వాత అడిగితే, "మీకు ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉండె గద మేడమ్. నాకేముంది, ఇంకో రెండేండ్లు" అన్నారు. ప్రమోషన్ వచ్చింది. ఆ రెండేళ్లూ ఇవాళ్టితో అయిపోయాయి. చెబుదామనుకున్న ప్రతిసారీ, ఇది సమయం కాదేమో, పాతది తవ్వితే ఆయనకే ఇబ్బందేమో అని సందేహం. నా సందేహాలన్నీ ఎప్పుడూ నాకు అనుకూలంగానే తేలుతాయని ఆలస్యంగా గమనించాను.

హరినాథ్ గారూ, ఇదిగో నా లేఖ. ఆ మాట నాది, మెమో నా పేరు మీద ఉండాలి. సోమవారం చూద్దామంటున్నారా? సోమవారానికి ఆయన మన ఉద్యోగి కారు సార్, ఫైలు ఇవాళే మూస్తారు. అరుణమ్మ గారికి ఈ మెమో సంగతి ఇప్పుడే తెలిసిందని, ఆమె ఆయన వంక చూస్తున్న చూపే చెబుతోంది. (నవ్వులు) సంగప్ప గారు చెయ్యి ఊపుతున్నారు. ఏమిటండీ? "ఇడ్సిపెట్టుండ్రి మేడమ్, ఇగ అన్నం తిందాం" అంటున్నారు. లేదండీ, అన్నం ఆగుతుంది.

(విరామం)

పెన్ను ఇచ్చిన మల్లయ్య గారికి ధన్యవాదాలు. తేదీ కూడా వేయండి సార్. హరినాథ్ గారు నా లేఖ పైన 'మెమో రద్దు' అని రాసి సంతకం చేశారు, అందరికీ వినబడేలా చదువుతున్నాను. (చప్పట్లు)

సంగప్ప గారూ, మీ ఫైలు ఇప్పుడు శుభ్రంగా ఉంది. నాకు రావలసిన మెమో సోమవారం వస్తుంది. ఈసారి దాన్ని మీరు తీసుకోవడానికి వీల్లేదు. ఇంతసేపు విన్న మీ అందరికీ కృతజ్ఞతలు చెప్పుకుంటూ, సెలవు.