మెస్సులో ప్రార్థన

ఏం మే ఎవా, రేపు నువ్వూ కిషోరూ నెల్లూరికి పోతా ఉండారంట గదా? పొద్దన్నుంచి సాయంత్రం దాకా తిరిగి, అన్నం గూడా బయటే తినేసి వస్తారా? మంచిది, పొండి. పెళ్లయి రెండు నెల్లు కాలా, ఇప్పుడు తిరక్కపోతే ఇంకెప్పుడు తిరుగుతారు. ఆ కొత్త షాపులో మెట్లు వాటంతటవే పైకి పోతాయంట, చీర కొంగు జాగర్త. ఏందీ? నేను మీ తాతతో ఎప్పుడన్నా పోయినానా అంటావా? ఎందుకు పోలా. ఒక్కసారి పోయినా. తర్వాత ఆసుపత్రికనీ పెళ్లిళ్లకనీ వందసార్లు పోయింటాం గానీ అవి లెక్కలోకి రావు. కూర్చో, ఆ చిక్కుడుకాయలు ఇట్టా తే, ఈనెలు తీస్తా చెప్తా.

మీ తాత అబ్రహాముకి అప్పుడు బిట్రగుంట రైలింజన్ల షెడ్డులో పని. బొగ్గింజన్లు గదా, ఇంజన్లోకి పారతో బొగ్గు ఎగదోసేవాడు. ఇంటికొస్తే కళ్లూ పళ్లూ తప్ప ఇంకేం కనపడేది గాదు. కాలనీలో రెండు గదుల క్వార్టరు మాది. నేనూ, ఆయనా, మా అత్తా. మా అత్త పేరు కరుణాకుమారి. పేరు వాళ్ల నాయన పెట్టింది, ఆమె తప్పు గాదులే. అయినా ఒక మాట చెప్పాల. మా అత్త నన్ను ఒక్కనాడు గూడా ఎదురుబడి తిట్టలా. ఏదున్నా రాత్రి అన్నాలయినాక కుటుంబ ప్రార్థనలో దేవుడికి చెప్పేది. "ప్రభువా, ఈ దినమున పులుసులో చింతపండు యెక్కువైనది తండ్రీ, ఆ చేతులకు జ్ఞానము దయచేయుము." "ప్రభువా, దొడ్లో ఆరేసిన పిడకలు వానకు తడిసిపోవుచుండగా నిద్రపోయిన ఆ కన్నులను తెరువుము." కళ్లు మూసుకోనుండాం గదా, ఏమని బదులు చెప్తాం? దేవుడితో మాట్లాడేదాన్ని మధ్యలో ఆపగలమా? పైగా ఆఖర్న అందరితో పాటు ఆమెన్ అనాల. అంటే ఏంది? అట్టనే కానీ అని నా మీద నేనే సంతకం పెట్టడం. పక్క క్వార్టర్లో సమాధానం అని ఒకామె ఉండేది, రోజూ మా ఇంటికే ప్రార్థనకొచ్చేది. భక్తి అనుకునేవు! నా సంగతులు వినేదానికి.

నేను అన్నిటికీ ఆమెన్ అంటానే ఉండా. రెండేళ్లు అన్నా. ఒకరోజు మా నాయన చిట్టమూరు నుంచి వచ్చినాడు నన్ను చూసేదానికి. ఆ సంవత్సరం గాలివానకు పైరంతా పడిపోయింది, పాపం ఓ సొరకాయ చేతబట్టుకోని వచ్చినాడు. ఆ రాత్రి మా అత్త, మా నాయన పక్కనే కూర్చోనుండగా, "ప్రభువా, వియ్యపురాలి ముందర వట్టి చేతులు ఊపుకుంటూ వచ్చు వారికి సిగ్గును దయచేయుము, అటువంటి ఇంట పెరిగిన పిల్లకు మర్యాదను నేర్పుము తండ్రీ" అనింది. మా నాయన తల వంచుకోని ఆమెన్ అన్నాడు. పక్కింటి సమాధానం గూడా అనింది. మీ తాతా అన్నాడు. నేను అనలా.

అది ఎంత పెద్ద గొడవయిందో నీకు చెప్పినా అర్థం కాదు. మరుసటి రోజూ అనలా, ఆ మరుసటి రోజూ అనలా. అనాలని నోటిదాకా వస్తది, సొరకాయ గుర్తొస్తది, నోరు మూసుకుంటది. పదకొండు రోజులు! ప్రార్థన అయిపోయినాక మా అత్త నా ఆమెన్ కోసం ఆగేది, షెడ్డులో ఇంజన్ ఊపిరి తీసే శబ్దం గూడా వినపడేది. పదకొండో రోజు, "ప్రభువా, ఆమెన్ అనని ఈ బిడ్డను కొంతకాలము పుట్టింటనే ఉంచి నీ భయమును నేర్పుము" అనేసింది. మీ తాత ఉండాడు చూడు, చిన్నగా, గొంతులోనే, ఆమెన్ అన్నాడు. నేను విన్నా. తెల్లారి లేచి, "పుష్పా, రెండు చీరలు సర్దుకో, నెల్లూరికి పోదాం" అన్నాడు. చిట్టమూరు బస్సు నెల్లూర్లోనే ఎక్కాల. నాకు అర్థమైపోయింది. నా కింద ఇద్దరు చెల్లెళ్లు పెళ్లికుండారు. అక్క సంచితో ఇంటికొచ్చి కూర్చుంటే వాళ్ల గతేంది? రైల్లో కూర్చున్నంతసేపూ అదే.

మీ తాతకు ఒక గుణం. దిగులుగా ఉంటే లెక్కబెడతాడు. కంపార్టుమెంటులో మనుషుల్ని లెక్కబెట్టినాడు. పెన్నా వంతెన మీద బండి మెల్లగా పోతుంటే కిటికీలో తలకాయ పెట్టి స్తంభాల మధ్య ఖానాలు లెక్కబెట్టినాడు. దిగినాక నేరుగా బస్టాండుకు పోతాడనుకున్నానా, కాదు, పెన్న గట్టు మీదికి తీసుకపోయినాడు. ఆడ నిలబెట్టి రంగనాథస్వామి గోపురం చూపించి, "ఏడంతస్తులు, లెక్కబెట్టుకో" అన్నాడు. "మనకెందుకండీ?" అంటే, "చూసేదానికి ఎవరైతే ఏందే, ఎత్తుగా ఉంది గదా!" అన్నాడు. తర్వాత పెద్ద బజారు. తర్వాత ట్రంకు రోడ్డు పొడుగునా నడిపించినాడు. గాజులేసుకోమన్నాడు, వద్దన్నా. సోడా తాగమన్నాడు, తాగినా. నేను ఊరేం చూళ్లా, తల్లీ. ఆయన భుజానికి నా సంచి ఉంది, దాన్నే చూస్తా ఉండా. మధ్యలో బస్టాండు ముందర నన్ను నీడలో నిలబెట్టి లోపలికి పోయి అడిగొచ్చినాడు. "మూడున్నరకంట" అన్నాడు. ఏంది మూడున్నరకు అని నేనడగలా, ఆయన చెప్పలా. "మైపాడు పోయి సముద్రం చూద్దామా?" అన్నాడు ఉన్నట్టుండి. "టైము చాలదు గదండీ" అన్నా. మళ్లీ రోడ్డు మీద రిక్షాలు లెక్కబెట్టడం మొదలుపెట్టినాడు.

మధ్యాన్నం మెస్సుకు తీసుకపోయినాడు. నేను హోటల్లో కూర్చోని తినడం అదే మొదలు. ఎంత రద్దీ అంటే, తినేవాళ్ల కుర్చీ వెనకాల తరవాత తినేవాళ్లు నిలబడుండారు. ఆకులేసినారు, నీళ్లు చల్లుకున్నాం, అన్నం పెట్టినారు. గల్లా దగ్గరాయన, "పెంచలకృష్ణా, మూడో టేబులుకు పప్పెయ్!" అని అరుస్తా ఉండాడు. ఆ పిలగాడు బకెట్టు తీసుకోని వచ్చేలోపల మీ తాత కళ్లు మూసుకున్నాడు. నోరు తెరిచి పైకి ప్రార్థన మొదలుపెట్టినాడు! ఎవా, ఆ ఇంట్లో ప్రార్థనంటే మా అత్తదే. ఆయన గొంతు నేను అంతవరకూ వినలా. నేను కళ్లు మూసుకోని, ఇంక నా తప్పులు లెక్కబెడతాడు అనుకోని బిగదీసుకోని కూర్చున్నా.

"ప్రభువా, పరిశుద్ధుడవైన తండ్రీ, ఈ అన్నము కొరకు స్తోత్రము" అన్నాడు. ఆగినాడు. "పప్పు కొరకు స్తోత్రము" అన్నాడు, అది ఇంకా వెయ్యనే లేదు. మళ్లీ ఆగినాడు. తర్వాత ఆ పుస్తకం భాషంతా యాడికో పోయింది. "తండ్రీ, మూడున్నరకు బస్సు. మా అమ్మ ఎక్కించి రమ్మనింది. నేను గూడా ఆమెన్ అన్నా. పొద్దన్నుంచి ఈ పిల్లకి చెప్పాలని చూస్తా ఉండా, నోరు రాలా, ఊళ్లో ఉండేవన్నీ లెక్కబెట్టేసినా. నా వల్ల కాదు ప్రభువా. నేను బొగ్గు మసితో వస్తే వాకిట్లో వేణ్ణీళ్లతో నిలబడుండేది ఈమే. వాళ్ల నాయన్ని ఆ మాటంటే నేను తల వంచుకోని ఆమెన్ అన్నా, ఈమె ఒక్కతే అనలా. ఇట్టాంటి మనిషిని నాకిచ్చినందుకు నీకు స్తోత్రం. నేనన్న ఆ రెండు ఆమెన్లూ వెనక్కి తీసుకుంటా ఉండా తండ్రీ, ఏమనుకోవద్దు. యేసు నామమున అడుగుతా ఉండాం." అంతే. ఆమెన్ అనలా. ఆగినాడు. నాకోసం ఆగినాడు.

నేను కళ్లు తెరిస్తే ఆయనింకా మూసుకోనే ఉండాడు, చెంపలు తడి. పెంచలకృష్ణ గరిటె ఎత్తి పట్టుకోని అట్టనే నిలబడుండాడు. చుట్టుపక్కల ఆకుల్లో చేతులు ఆగిపోయినాయి. నా కుర్చీ వెనకాల నిలబడిన పెద్దాయన, ఎవరో రైతు, భుజాన తుండుగుడ్డ, "అనెయ్యమ్మా ఆ మాట, మేం గూడా తినాల గదా" అన్నాడు. ఆమెన్ అన్నా. చిన్నగా అందామనే అనుకున్నా, పదకొండు రోజులు బిగబట్టింది గదా, మెస్సంతా వినపడింది. "అయిపోయిందా అన్నా, ఏసేదా పప్పు?" అన్నాడు ఆ పిలగాడు. అందరూ నవ్వినారు. నేను మూడుసార్లు అన్నం పెట్టించుకున్నా! చేపల పులుసు గూడా వచ్చింది, మామిడికాయేసి. మా అత్తుంటే ఆ వంటోడికీ జ్ఞానం అడిగుండేది.

మూడున్నరకు ఎక్కడున్నామో తెల్సా? మైపాడులో, మోకాలి లోతు నీళ్లల్లో. సంచి ఆయన నెత్తి మీద. వాచీ చూసుకోని, "పోయింటది బస్సు" అన్నాడు. అలలు మాత్రం ఒక్కటి గూడా లెక్కబెట్టలా.

ఇంటికొచ్చేతలికి దీపాలు పెట్టేసినారు. మా అత్త మొదట నా మొహం చూళ్లా, సంచి చూసింది.  సమాధానం ఆ రోజు తొందరగా వచ్చి ముందర్నే కూర్చోనుంది. మా అత్త ప్రభువా అనింది. మళ్లీ ప్రభువా అనింది. ఆఖరికి, "పోయిన ఇద్దరినీ క్షేమముగా ఇల్లు చేర్చినందుకు స్తోత్రము" అనింది. అందరికంటే ముందు నేనన్నా ఆమెన్. సమాధానం మొహం చూడాల్సింది నువ్వు, రీలు తెగిన సినిమా చూసినట్టుంది! అట్టని మా అత్త మారిందనుకోవద్దు. పోయేదాకా నా పులుసు గురించి దేవుడికి చెప్తానే ఉండింది. మా నాయన మాట మాత్రం మళ్లీ ఎత్తలా. అది చాలు నాకు.

మీ తాత అప్పట్నుంచి అన్నం ముందర తనే ప్రార్థన చేసేవాడు. ఆమెన్ మాత్రం అనేవాడు గాదు, నాకొదిలిపెట్టేవాడు. ఇంటికి పాస్టరుగారు వచ్చినా అంతే. ఆయన పోయి ఇరవై రెండేళ్లు. ఇప్పుడు నేనే చేసుకుంటా. చేసుకోని, ఆఖర్న కాసేపు ఆగుతా... ఎవరికోసం ఆగుతానో ఏమో.

మే, పాలు పొంగుతా ఉండాయి, లే, చూడు.